తెలివి పెరిగిన చిట్టెలుకకు నొప్పీ పెరిగింది!

పరీక్షల సీజన్ వస్తే చాలు, "జ్ఞాపకశక్తి పెంచే మాత్రలు" అంటూ ఫోన్‌లో యాడ్స్ మొదలైపోతాయి. ఆర్డర్ పెట్టే ముందు ఓ చిట్టెలుక కథ వినండి.

చిట్టెలుకైనా, మనమైనా... మెదడులో రెండు నాడీకణాల మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ కూడలే సినాప్స్. ఇటు కణం గ్లుటమేట్ అనే రసాయనం వదులుతుంది, అటు కణం అందుకుంటుంది. కబురు గట్టిగా, మళ్లీ మళ్లీ వెళ్తే ఆ సినాప్స్ బలపడుతుంది. దీన్ని 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో కుందేలు మెదడులో చూపించారు.

బలపడటం అంటే ఏంటి? అందుకునే కణం మీద రెండు రకాల తలుపులుంటాయి. ఆంపా తలుపు గ్లుటమేట్ తగలగానే తెరుచుకుంటుంది. ఎన్‌ఎండీఏ తలుపు మాత్రం మొండిది. దాని దారిలో మెగ్నీషియం బిరడాలా కూర్చుంటుంది. గ్లుటమేట్ రావాలి, అదే సమయానికి కణం కూడా బాగా ఉత్తేజితమవ్వాలి. రెండూ కుదిరితేనే బిరడా ఊడి, కాల్షియం లోపలికొస్తుంది. అది కామ్‌కే-2 అనే ఎంజైమ్‌ని నిద్రలేపుతుంది. ఈ ఎంజైమ్ తనకు తానే ఫాస్ఫేట్ తగిలించుకుని, కాల్షియం తగ్గిపోయాక కూడా కాసేపు పని చేస్తూనే ఉంటుంది. దాంతో సినాప్స్ దగ్గర ఆంపా తలుపులు పెరుగుతాయి. ఈసారి అదే కబురు వస్తే ఇంకా గట్టిగా వినబడుతుందన్నమాట!

మరి దీనికీ జ్ఞాపకానికీ లింకేంటి? 1992లో ఆల్సినో సిల్వా, సుసుము టొనెగావా బృందం చిట్టెలుకల్లో ఒక రకం కామ్‌కే-2 జన్యువుని తీసేసింది. వాటి సినాప్స్‌లు సరిగా బలపడలేదు. తొట్టెలో నీళ్ల కింద దాచిన మెట్టు ఎక్కడుందో నేర్చుకోవడానికీ అవి తంటాలు పడ్డాయి.

1999లో ప్రిన్స్‌టన్‌లో జో సియెన్ బృందం దీన్ని తిరగేసింది. ఎన్‌ఎండీఏ తలుపులో ఎన్‌ఆర్2బీ అనే భాగాన్ని పెంచింది. అది ఉంటే తలుపు ఇంకాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. ఆ చిట్టెలుకలు చకచకా నేర్చుకున్నాయి. టీవీ సీరియల్‌లోని బాలమేధావి డాక్టర్ పేరు మీద వాటికి 'డూగీ' అని పేరు పెట్టారు.

ఇంకేం, తెలివి దొరికిపోయిందా? ఆగండి. 2001లో మరో సంగతి బయటపడింది. ఈ మార్పున్న చిట్టెలుకల్లో వాపుతో వచ్చే నొప్పి మామూలు వాటికంటే ఎక్కువట! నొప్పికి సంబంధించిన దారుల్లోనూ ఇవే తలుపులున్నాయి మరి. పైగా కాల్షియం మరీ ఎక్కువగా జొరబడితే కణమే చచ్చిపోతుంది. అల్జీమర్స్ రోగులకు డాక్టర్లు రాసే మెమాంటిన్ ఈ తలుపుని ఇంకా తెరవదు, కొంతమేర మూస్తుంది!

కాబట్టి "బ్రెయిన్ పవర్ డబుల్" అని ఎవరైనా అంటే ఒకటే అడగండి: బాబూ, ఏ తలుపు తీస్తున్నావ్? దాంతోపాటు ఇంకేం లోపలికొస్తుంది?