మన మెడలో పూసలు మోటువి కావు



పూసల దండ, ఇత్తడి కడియం వేసుకుంటే మోటు అని, బంగారు రంగు పూసిన గొలుసు వేసుకుంటే నాగరికం అని మనలో చాలామంది అనుకుంటున్నారు. ఇది సరి కాదని నా అభిప్రాయం. కారణాలు రాస్తున్నాను, చదివి మీరే ఆలోచించండి.

మొదటి కారణం, ఈ వస్తువుల్లో చదువు ఉంది. మాది జైనూర్ మండలం. మా దగ్గర ఉషేగాంలో ఓజా వాళ్లు ఉన్నారు. మా గోండులకు కావలసిన ఇత్తడి నగలు, గజ్జెలు, దేవుడి సామాన్లు తరతరాల నుంచి చేసేది వాళ్లే. ముందుగా మట్టితో లోపలి ఆకారం చేస్తరు. దాని మీద మైనం తీగెలు సన్నగా చుట్టి డిజైను పెడతరు. పైన మళ్లీ మట్టి పూసి, ఎండబెట్టి, కాలుస్తరు. మైనం కరిగి బయటికి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోసి, చల్లారినంక మట్టి అచ్చు పగలగొడతరు. ఒక అచ్చు ఒక్కసారికే. అందుకే ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒక్క తీరుగ ఉండవు. సోషల్ పుస్తకంలో చూసిన మొహెంజొదారో నాట్య బాలిక కంచు బొమ్మను కూడా సుమారు 4500 ఏండ్ల కింద ఈ పద్ధతిలోనే పోశారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది.

ఇంకొకటి చెప్తే ఆశ్చర్యపోతారు. మనం ఉంటున్న ఈ కంచన్‌బాగ్‌లోనే డీఎంఆర్ఎల్ అనే రక్షణ శాఖ లోహ పరిశోధనశాల ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు 2021లో హెలికాప్టర్ ఇంజను కోసం బ్లేడ్లు తయారు చేసి ఇచ్చారు. వాటికి కూడా మూలం మైనం అచ్చు పద్ధతే. మట్టికి బదులు సిరామిక్, ఇత్తడికి బదులు నికెల్ మిశ్రమ లోహం, గాలి తీసేసిన కొలిమి. అక్కడ చేస్తే సైన్సు, ఉషేగాంలో చేస్తే మోటు ఎట్లయితది?

రెండో కారణం, పూసలను ప్రేమించేది మనం ఒక్కరమే కాదు. ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా దేశాల్లో మాసాయి ఆడవాళ్లు వెడల్పాటి పూసల హారాలు అల్లుతరు. వాళ్లకు ఒక్కో రంగుకు ఒక్కో అర్థం ఉంది. ఎరుపు ధైర్యానికి, నీలం ఆకాశానికి గుర్తు. దక్షిణాఫ్రికాలో జూలూ అమ్మాయిలు మనసులో మాటను పూసల రంగులతోనే చెప్పేవాళ్లు. ఘానాలో క్రోబో వాళ్లు పగిలిన సీసాలను దంచి పొడి చేసి, మట్టి అచ్చుల్లో నింపి కాల్చి పూసలు చేస్తరు. మధ్యలో బెజ్జం కోసం కర్రపెండలం ఆకు కాడ గుచ్చుతరు. కాడ కాలిపోతే బెజ్జం మిగులుతుంది. మన ఓజాల మైనం లాగానే కదా!

మూడో కారణం నా సొంతది. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. ఇంతకుముందు నేను చదివిన ఒక బడిలో చేరిన రోజే నా మెడలో పూసల దండ కత్తెరతో కత్తిరించారు. పూసలు ఒక కవర్లో వేశారు. సెలవులకు పోయేటప్పుడు అడిగితే ఆ కవరు కనబడలేదు. అవి మా అమ్మ కూలి పైసలతో కేస్లాపూర్ నాగోబా జాతరలో కొన్నవి. అమ్మ నన్ను తిట్టలేదు. "పూసలు లేకుంటే మందిలో నిన్నెట్ల గుర్తుపట్టాలె బిడ్డా" అన్నది, అంతే. అదే బడిలో వార్షికోత్సవానికి కిరాయి షాపు నుంచి 'గిరిజన డ్రెస్సు' తెచ్చారు. ప్లాస్టిక్ పూసలు, రంగు ఈకలు. గోండు పిల్లకు, కోయ పిల్లకు, లంబాడి పిల్లకు అందరికీ అదే.

వార్డెన్ మేడం వాళ్లు చెప్పేదాంట్లో కూడా న్యాయం ఉంది. నగలు పోతే కొట్లాటలు అయితయి. ఆటల్లో దండ పట్టుకుంటే మెడకు ప్రమాదం. అందరం సమానంగా కనబడాలనే యూనిఫాం. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. బడి వేళల్లో, ఆటల్లో వద్దు. కానీ పూసల దండతో ఎవరూ షావుకార్లు కారు. దాన్ని తీసేస్తే సమానం కాము, మన ఇల్లు మరిచిపోతాము.

కాబట్టి నా విన్నపాలు ఇవి:

1. చేరే రోజు దండలు కత్తిరించకుండా ముడి విప్పి, పేరు రాసిన కవర్లో పెట్టి మా ట్రంకు పెట్టెలోనే ఉంచనివ్వాలి.

2. ఆదివారం, పండుగ రోజుల్లో ఒక్క దండ వేసుకోనివ్వాలి.

3. వార్షికోత్సవానికి కిరాయి డ్రెస్సులు వద్దు. ఎవరి ఇంటి నగ వాళ్లు తెచ్చుకుని, దాని పేరేమిటో, ఎవరు చేశారో స్టేజీ మీద చెప్పాలి.

నాలుగోది మేడం వాళ్లకు కాదు, మనకే. మనమే సిగ్గుపడి వేసుకోకపోతే ఓజా వాళ్ల దగ్గర ఎవరు కొంటరు? వాళ్లు షోరూం బొమ్మలు మాత్రమే చేయాల్సి వస్తుంది. అద్దాల వెనక ఉంటే కళ, మన మెడలో ఉంటే మోటు అనే మాట అప్పుడు నిజమైపోతుంది. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అమ్మమ్మను, నాయనమ్మను అడిగి ఒక్కో నగ పేరు మీ భాషలోనే రాసుకుని రండి. అన్నీ కలిపి వచ్చే సంచికలో రాద్దాం. నా మాట కాదనేవాళ్లు కూడా తప్పకుండా రాయండి, పక్కనే అంటిద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని