కొండదారిని ఆరు గంటల సైకిలు పందెము



ఊరగాయలను గూర్చియు, పిల్లల చదువులను గూర్చియు వ్రాయుచుండెడి మేము ఈ నెల సైకిలు పందెమును గూర్చి వ్రాయుట చూచి మీరు నవ్వవచ్చును. నవ్వుడు గాని తుదివరకు చదువుడు.

మా వారు బెంగుళూరులో ఉపాధ్యాయులు. ఆ నగరమునకు వెలుపల రాతిగుట్టల నడుమ తొమ్మిది కిలోమీటర్ల చుట్టుదారి యొకటి యేర్పరచి, ఆరు గంటలలో ఎవరెన్ని చుట్లు తిరుగుదురో చూచెడి పందెమది. మా ముప్పదియారవ యేట అందు చేరితిమి. తారుబాటపై ఆరు మాసములు అభ్యసించి, ఆరు చుట్లు తిరుగుదుమని సంకల్పించుకొంటిమి. రాతిదారి మాత్ర మెరుగము.

"కాలు విరిగిన ఇల్లెవరు చూతురు?" అని అత్తగారు మొదట కోపించిరి. పందెమునాటి తెల్లవారుజామున వారే ఖర్జూరములు, బెల్లము, వేరుసెనగపప్పు మూటగట్టి యిచ్చి, "అరగంట కొకమారు నోట వేసికొనుమమ్మా" అనిరి. మాకు తెలియదా యను గర్వముతో ఆ మూటను సంచి యడుగున పడవేసితిమి.

ఈ క్రీడ స్త్రీలకు క్రొత్త కాదు. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు కొందరు పాత లావుచక్రముల సైకిళ్లతో కొండ దిగుచు పందెములు ఆడిరి. బ్రేకు వేడికి లోని గ్రీజు పొగయై పోవుటచే ప్రతిమారును క్రొత్త గ్రీజు కూరవలసివచ్చెడిది. అందుచే ఆ పందెమునకు 'రీప్యాక్' అని పేరు కలిగెను. ఆ గుంపులో వెండీ క్రాగ్ అను స్త్రీయు నుండెను. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో కొండసైకిలు ప్రవేశించినప్పుడు స్త్రీపురుషుల కిరువురకును ఒకేమారు స్థానము లభించినది.

ఇక మా కథ. ఈల మ్రోగగానే అనుభవజ్ఞుల వెంట పరుగిడి మొదటి చుట్టును నలువది నిమిషములలో ముగించితిమి. రెండవదానికి ఏబది పట్టినది. మూడవ చుట్టులో, ఇసుక యెత్తున పిక్కలు పట్టుకొని, కన్నులు తిరిగి, రాతి ప్రక్క కూలబడితిమి. అంతవరకును నీరు తప్ప నేమియు పుచ్చుకొనలేదు. ఇల్లు చేరిన చాలునని కన్నీరు వచ్చెను. వెనుక వచ్చుచున్న యువతి యొకతె తన పందెము మాని ఆగి, "అక్కా, క్షేమమా?" అని కన్నడమున నడిగి, తన నీటిసీసా యిచ్చినది. అప్పుడు మూట జ్ఞప్తికి వచ్చెను. నీడలో కూర్చుండి మెల్లగా తింటిమి. అరగంటకు ప్రాణము కుదుటబడినది. ఎత్తున్నచోట దిగి సైకిలును త్రోసికొనుచు, పల్లమున్నచోట ఎక్కుచు సాగితిమి. అయిదవ చుట్టు ముగియునప్పటికి గడువు దాటి తొమ్మిది నిమిషములయ్యెను. అది లెక్కకు రాలేదు. మాకు దక్కినవి నాలుగే.

క్రొత్తగా పూనుకొనువారికి మేము తెలిసికొన్న మాటలు కొన్ని. మొదటి గంట ప్రక్కవారితో సంభాషింపగలిగినంత మెల్లగా తొక్కుడు. దీర్ఘశ్రమలో గంటకు 30 మొదలు 60 గ్రాముల పిండిపదార్థము దేహమునకు కావలయును. ఆకలి కాకమునుపే తినుడు. ఎత్తు చేరకమునుపే గేరు తగ్గింపుడు. మలుపునకు ముందే బ్రేకు పట్టుడు, మలుపులో కాదు. పల్లమున పెడళ్లు సమముగా నుంచి, దేహభారము వెనుకకు జరుపుడు. రాతిని చూచినచో చక్రము రాతిమీదికే పోవును. పోవలసిన దారినే చూడుడు. దిగి నడచుట యవమానము కాదు.

ఇల్లు చేరగానే అత్తగారు చుట్ల లెక్క యడుగలేదు; "మూట తింటివా?" అని మాత్ర మడిగిరి. ఆలస్యముగా తింటిమని నిజమే చెప్పితిమి. వారు మారుమాటాడక కాళ్లకు కాచిన నువ్వులనూనె తెచ్చిరి. మరుసటి పందెమునకు పోవుట నిశ్చయమే. ఈమారు సంకల్పము అయిదు చుట్లు. మూట మాత్రము చేతి కందు జేబులో నుండును.