తంజావూరు కోటలో కానరాని చీర



ఈ వేసవి సెలవులలో మనుమలను వెంటబెట్టుకొని తంజావూరు రాజభవనమునకు వెళ్లితిని. మన సేలము ప్రాంతమునుండి మ్రొక్కులకని ఆ వైపు పోవువారు పెద్దగుడి చూచి మరలివచ్చుటయే గాని, దగ్గరనున్న ఈ భవనములో అడుగిడువారు తక్కువ. తప్పక చూడవలసినదని నా మనవి.

దానిని కట్ట మొదలిడినవారు తెలుగు నాయకరాజులు. తరువాత మరాఠారాజులు పెంచిరి. 1951లో నెలకొల్పిన కళాప్రదర్శనశాలయందు చోళుల నాటి కంచువిగ్రహములు, రెండవ శరభోజి పాలరాతి విగ్రహము కలవు. సరస్వతీమహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్రములు నున్నవి. ఆ లిపి మా మనుమడు చదువలేడు. ఆ దుఃఖము మరియొకసారి వ్రాసెదను.

వాడు నన్నడిగిన ప్రశ్న వేరు. "తాతా, ఇక్కడి రాణులు కట్టిన చీరలెక్కడ?" అనెను.

నేతవాని మనుమడు గనుక అడిగినాడు. నాకు తెలిసినంత చెప్పితిని. కుంభకోణము సమీపమున కోడాలి కరుప్పూరను గ్రామము కలదు. మరాఠారాజుల కాలమున రాజకుటుంబమునకై అచ్చట చీరలు తయారయ్యెడివి. సన్నని నూలుబట్టలో జరీ పేకతో పువ్వులు నేసి, పిదప దానిపై కలముతోను మైనముతోను పని చేసి రంగులలో ముంచెడివారు. ముదురెరుపు నేలపై, రంగంటని జరీ లోపలినుండి మిలమిలలాడును. నేత, అద్దకము రెండును ఒక్క బట్టలో! మగ్గముపై కూర్చున్నవారికి ఆ కష్టమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు.

1855లో రాజు మగసంతతి లేక మరణించెను. కుంఫిణీవారు రాజ్యమును కలిపివేసిరి. కొనువారొక్కరే, వారు లేకపోయిరి. ఆ శతాబ్దిలోనే ఆ నేత అడుగంటెను. కరుప్పూరు కలంకారీ చిత్రములకు 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చినది, సంతోషమే. కాని ఆ చీరను మరల నేయగోరువారు, లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియమువంటి చోట్ల మిగిలిన బట్టలను చూచి పోగులు లెక్కించుకొనవలసి వచ్చుచున్నది. చేసినవారు వ్రాసిపెట్టలేదు.

రాజులననేల? మా తండ్రిగారు తాము నేసిన ప్రతి రకమునుండి జానెడు ముక్క మూటగట్టి అటకపై నుంచిరి. ఇల్లు మారునపుడు పాతగుడ్డలని నేనే పారవైచితిని. అందులోని రెండు అంచులు నేయుట నేడు మా వాడలో నెవరికిని తెలియదు.

కావున మన సంఘమునందొక గది మచ్చుగుడ్డలకై కేటాయించవలెను. ప్రతి ముక్కకును నూలు నంబరు, పడుగు పోగుల లెక్క, రంగు, ఊరు, నేసినవారి పేరు కాగితముపై వ్రాసి కుట్టవలెను. పనితనము బయటపెట్టిన మరమగ్గమువారు ఎత్తుకొనిపోదురని కొందరు శంకింతురు. వారికి అంగడిలో చీర కొన్న చాలును గదా! మన గది వారికొరకు కాదు. ముప్పది యేండ్ల తరువాత మగ్గమెక్కు పిల్లవానికొరకు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతి చర్చకు పెట్టవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాను. తండ్రిగారి చేతినేతలో మా యింట మిగిలినది ఒక్క పంచె అంచు. దానిని వివరములతో ఈ వారమే సంఘమునకు పంపుచున్నాను.