స్టార్ పోయాడు.. పిక్స్ కూడా చేతిలో లేవు.. డల్లాస్ మావెరిక్స్ మళ్లీ నిలబడేదెలా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డల్లాస్ మావెరిక్స్ జనరల్ మేనేజర్ నికో హారిసన్‌పై వేటు పడింది. 2025 నవంబర్ 11న యాజమాన్యం ఆయన్ని పదవి నుంచి తప్పించింది. కొత్త సీజన్‌లో తొలి 11 మ్యాచ్‌ల్లో 3 మాత్రమే గెలవడం పైకి కనిపించిన కారణం. అసలు కారణం మాత్రం అంతకు తొమ్మిది నెలల ముందుది. జట్టుకు ప్రాణంలాంటి లూకా డోంచిచ్‌ను ఆయన లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు ఇచ్చేశారు. అప్పటి నుంచి డల్లాస్ స్టేడియంలో దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ ఒకటే నినాదం.. 'ఫైర్ నికో'.

ఇప్పుడు నికో వెళ్లిపోయాడు. మరి డల్లాస్ కోలుకుంటుందా? అంత ఈజీ కాదు. ఎందుకంటే ఆ ట్రేడ్‌లో జట్టు కోల్పోయింది ఒక్క ఆటగాడినే కాదు. పడిపోయినా మళ్లీ లేవడానికి పనికొచ్చే అవకాశాల్ని కూడా పోగొట్టుకుంది. ఆ లెక్క ఏంటో చూద్దాం.

అసలు ఏం జరిగింది?

స్లొవేనియాకు చెందిన లూకా డోంచిచ్ 2018లో డల్లాస్‌కు వచ్చాడు. 2020 నుంచి 2024 వరకు వరుసగా ఐదుసార్లు లీగ్‌లోని టాప్ ఐదుగురి జట్టులో, అంటే ఆల్ ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్‌లో చోటు దక్కించుకున్నాడు. 2024 జనవరిలో అట్లాంటాపై ఒక్కడే 73 పాయింట్లు కొట్టాడు. ఆ ఏడాది జూన్‌లో మావెరిక్స్‌ను ఫైనల్‌కు తీసుకెళ్లాడు. ఫైనల్లో బోస్టన్ చేతిలో 4-1తో ఓడినా, అప్పటికి లూకా వయసు 25 ఏళ్లే. ఇంకో పదేళ్లు మనదే అని అభిమానులు అనుకున్నారు.

ఫైనల్ ఆడి ఎనిమిది నెలలు కూడా కాలేదు. 2025 ఫిబ్రవరి మొదట్లో ఓ అర్ధరాత్రి ఆ వార్త బయటికొచ్చింది. లూకాను ఇచ్చేసి ఆంటొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 నాటి లేకర్స్ ఫస్ట్ రౌండ్ పిక్ ఒకటి తీసుకున్నారు. మొదట చాలామంది ఇది ఫేక్ న్యూస్ అనుకున్నారు. తెల్లారేసరికి స్టేడియం బయట డర్క్ నొవిట్స్కీ విగ్రహం దగ్గర అభిమానులు పూలు పెట్టారు. కొందరైతే శవపేటికే తెచ్చిపెట్టారు.

డిఫెన్సే కప్పులు గెలిపిస్తుంది అన్నది హారిసన్ వాదన. లూకా ఫిట్‌నెస్ మీద జట్టుకు అనుమానాలున్నాయన్న మాట కూడా వినిపించింది. దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. డల్లాస్‌లోనే ఉంటే లూకా ఐదేళ్లకు సుమారు 345 మిలియన్ డాలర్ల కాంట్రాక్టుకు అర్హుడయ్యేవాడు. అంత భారీ మొత్తాన్ని అతనిపై పెట్టాలా వద్దా అన్న ప్రశ్న అప్పటికే యాజమాన్యం ముందుంది.

గోరుచుట్టుపై రోకటి పోటు

ట్రేడ్ తర్వాత కథ ఇంకా దిగజారింది. ఫిబ్రవరి 8న తొలి మ్యాచ్‌లోనే డేవిస్ 26 పాయింట్లు, 16 రీబౌండ్లతో అదరగొట్టి, ఆ మ్యాచ్‌లోనే గాయంతో బయటికెళ్లాడు. మార్చి 3న మరో స్టార్ కైరీ ఇర్వింగ్ మోకాలి లిగమెంట్ తెగింది. ఏప్రిల్ 9న లేకర్స్ జెర్సీలో లూకా డల్లాస్‌కు తిరిగొచ్చాడు. మ్యాచ్‌కు ముందు పాత వీడియోలు చూసి కన్నీళ్లు పెట్టుకుని, ఆ వెంటనే 45 పాయింట్లు కొట్టి మావెరిక్స్‌ను ఓడించాడు. డల్లాస్ ప్రేక్షకులు చప్పట్లు కొట్టింది అతనికే.

ఏడాది కిందట ఫైనల్ ఆడిన జట్టు 39 విజయాలు, 43 ఓటములతో సీజన్ ముగించింది. ప్లేఆఫ్స్‌కు కూడా వెళ్లలేకపోయింది.

1.8 శాతం అదృష్టం

సరిగ్గా అప్పుడే ఎవరూ ఊహించని మలుపు. ఎన్‌బీఏలో కాలేజీల నుంచి, విదేశాల నుంచి వచ్చే కుర్రాళ్లను జట్లు 'డ్రాఫ్ట్' పద్ధతిలో ఎంచుకుంటాయి. ప్లేఆఫ్స్‌కు చేరని 14 జట్ల మధ్య లాటరీ తీస్తారు. అడుగున ఉన్న జట్టుకు ఛాన్స్ ఎక్కువ, పైనున్న జట్టుకు తక్కువ. డల్లాస్‌కు మొదటి పిక్ వచ్చే అవకాశం కేవలం 1.8 శాతం. అయినా మే 12న ఆ లాటరీ తగిలింది. ఆ పిక్‌తో డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు కూపర్ ఫ్లాగ్‌ను తీసుకున్నారు. 18 ఏళ్లకే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో బెస్ట్ ప్లేయర్ అనిపించుకున్నవాడు అతను.

అంటే, స్టార్‌ను పోగొట్టుకున్న ఐదు నెలల్లోపే మరో స్టార్ అయ్యే ఛాన్స్ ఉన్న కుర్రాడు చేతికొచ్చాడు. ఇక సమస్య తీరినట్టే కదా? ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

పక్క ఊరి పాఠం

డల్లాస్ నుంచి కారులో మూడు గంటలు వెళ్తే ఓక్లహోమా సిటీ వస్తుంది. అక్కడి జట్టు థండర్ కూడా స్టార్లను పోగొట్టుకుంది. అదీ ఒకరిని కాదు, నలుగురిని.

2012లో జేమ్స్ హార్డెన్‌ను ట్రేడ్ చేశారు. 2016లో కెవిన్ డ్యురాంట్ కాంట్రాక్ట్ ముగియగానే గోల్డెన్ స్టేట్‌కు వెళ్లిపోయాడు. బదులుగా థండర్‌కు దక్కింది సున్నా. 2019లో పాల్ జార్జ్ తనను లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు పంపమని అడిగాడు. ఆ వెంటనే రస్సెల్ వెస్ట్‌బ్రూక్ కూడా హ్యూస్టన్ వెళ్లాడు.

కానీ జార్జ్‌ను వదులుకునేటప్పుడు థండర్ జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టీ రాబట్టింది చూడండి. ఐదు ఫస్ట్ రౌండ్ పిక్స్, మరో రెండు పిక్స్ మార్చుకునే హక్కు, డానిలో గలినారి, వీళ్లతో పాటు ఇంకా 21 ఏళ్లు నిండని ఓ కుర్రాడు. ఆ కుర్రాడి పేరు షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్.

2020-21 నుంచి రెండు సీజన్లు ఓక్లహోమాకు నరకమే. ఒక సీజన్‌లో 22 విజయాలు, తర్వాతి సీజన్‌లో 24. 2021 డిసెంబర్ 2న మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడారు. ఎన్‌బీఏ చరిత్రలోనే అతి పెద్ద ఓటమి అది. అయినా ప్లాన్ మార్చలేదు. కోచ్ మార్క్ డెయిగ్నాల్ట్‌ను తీసేయలేదు. క్లిప్పర్స్ నుంచి వచ్చిన పిక్‌తోనే 2022లో 12వ స్థానంలో జేలెన్ విలియమ్స్‌ను తీసుకున్నారు. సొంత పిక్‌తో అదే డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో చెట్ హోమ్‌గ్రెన్ వచ్చాడు. అతను మొదటి సీజన్ మొత్తం గాయంతో ఆడకపోయినా ఓపిక పట్టారు.

ఫలితం ఎలా వచ్చిందో చూడండి. విజయాలు 24 నుంచి 40కి, 40 నుంచి 57కి, 57 నుంచి 68కి పెరిగాయి. 2025 జూన్ 22న ఏడో మ్యాచ్‌లో ఇండియానాను ఓడించి టైటిల్ కొట్టారు. షాయ్ అటు సీజన్ ఎంవీపీ, ఇటు ఫైనల్స్ ఎంవీపీ. 2025-26 సీజన్‌ను కూడా వరుసగా ఎనిమిది విజయాలతో మొదలుపెట్టారు. ఇంకో విషయం, జార్జ్ ట్రేడ్‌లో భాగంగా క్లిప్పర్స్ 2026 పిక్ కూడా వాళ్లదే. 2019లో వదులుకున్న ఆటగాడు ఇంకా వడ్డీ తెచ్చిపెడుతూనే ఉన్నాడన్నమాట.

2024 మేలో ఇదే థండర్‌ను ప్లేఆఫ్స్‌లో 4-2తో ఇంటికి పంపింది ఎవరో గుర్తుందా? లూకా ఉన్న డల్లాస్.

డల్లాస్‌కు ఆ దారి ఎందుకు లేదు?

థండర్ లాగే రెండేళ్లు ఓడుతూ, మంచి పిక్స్ తెచ్చుకుంటే సరిపోదా అన్న డౌట్ రావడం సహజం. డల్లాస్‌కు ఆ వీలు దాదాపు లేదు. కారణం, ఓడితే వచ్చే పిక్స్ వాళ్ల దగ్గర లేవు.

2026 ఫస్ట్ రౌండ్ పిక్ ఒక్కటే పూర్తిగా సొంతం. 2027 పిక్ మొదటి రెండు స్థానాల్లో పడకపోతే షార్లెట్‌కు వెళ్లిపోతుంది. 2029ది హ్యూస్టన్ చేతిలో ఉంది. 2030లో పిక్స్ మార్చుకునే హక్కు శాన్ ఆంటోనియోది. 2028లో అదే హక్కు ఎవరిదో తెలుసా? ఓక్లహోమాది. ఆ ఏడాది డల్లాస్ ఎంత ఓడితే, లాభపడే ఛాన్స్ పక్క ఊరికే.

ఇవన్నీ లూకా చుట్టూ బలమైన జట్టు కట్టడానికి ముందే ఖర్చు చేసిన పిక్స్. కైరీ, పీజే వాషింగ్టన్, డేనియల్ గాఫర్డ్ లాంటివాళ్లు అలా వచ్చినవాళ్లే. అప్పుడది తప్పేం కాదు. చేతిలో లూకా ఉన్నప్పుడు రేపటిని పెట్టుబడిగా పెట్టి ఇవాళ గెలవాలనుకోవడంలో అర్థముంది. పెట్టుబడి అలాగే ఉండగా లూకాను పంపేసి, బదులుగా ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్‌తో సరిపెట్టుకోవడం మాత్రం ఎవరికీ అంతుబట్టలేదు. మిగతా జట్లను అడిగి ధర పెంచే ప్రయత్నం కూడా లేకుండా, గుట్టుగా లేకర్స్‌తోనే డీల్ ముగించారు. జార్జ్‌కు ఐదు, లూకాకు ఒకటి. రెండు ట్రేడ్‌ల మధ్య తేడా ఇంతే.

సన్‌రైజర్స్ ఫ్యాన్స్‌కు తెలిసిన బాధే

హైదరాబాద్ అభిమానులకు ఇలాంటి కథ కొత్త కాదు. 2016లో కెప్టెన్‌గా ఐపీఎల్ కప్ తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను సన్‌రైజర్స్ 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించి, ఆ తర్వాత వదిలేసింది. 2021లో ఆఖరి స్థానం, 2022లో 8వ స్థానం, 2023లో మళ్లీ ఆఖరి స్థానం. కమిన్స్ కెప్టెన్సీలో 2024లో ఫైనల్ ఆడేవరకు ఆ గాయం మానలేదు.

కానీ ఐపీఎల్‌లో ఓ వెసులుబాటు ఉంది. మూడేళ్లకోసారి మెగా వేలం వస్తుంది, అన్ని జట్లూ దాదాపు కొత్తగా మొదలుపెట్టొచ్చు. ఎన్‌బీఏలో అలాంటి వేలం లేదు. 2027 పిక్ అమ్మేస్తే అమ్మేసినట్టే. అర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో ఉంటూ మావ్స్ మ్యాచ్‌లు చూసే మన తెలుగువాళ్లకు ఈ తేడా బాగానే తెలిసొచ్చి ఉంటుంది.

ఒకే జట్టులో రెండు గడియారాలు

2025 నవంబర్‌లో డల్లాస్ డ్రెస్సింగ్ రూమ్‌లోని వయసులు చూడండి. ఫ్లాగ్‌కు 18 ఏళ్లు, డిసెంబర్‌లో 19 వస్తాయి. డేవిస్‌కు 32. కైరీకి 33, పైగా అప్పటికి ఇంకా గాయం నుంచి కోలుకుంటున్నాడు. క్లే థాంప్సన్‌కు 35.

సీనియర్ల టైమ్ ఇవాళ్టిది, ఫ్లాగ్ టైమ్ ఇంకో నాలుగైదేళ్ల తర్వాతది. ఇద్దరినీ ఒకే బండికి కట్టి లాగించాలనుకుంటే బండి ఎటూ కదలదు. కైరీ లేకపోవడంతో సీజన్ మొదట్లో కోచ్ జేసన్ కిడ్, ఫార్వర్డ్ అయిన ఫ్లాగ్‌తోనే పాయింట్ గార్డ్ ఆడించాడు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడి మీద అది పెద్ద బరువు. అక్టోబర్ చివర్లో డేవిస్ మళ్లీ గాయపడటంతో ఆ భారం ఇంకా పెరిగింది.

2025-26లో డేవిస్ జీతం 54 మిలియన్ డాలర్ల పైమాటే. ఆ సీజన్‌కు జట్టు మొత్తానికి లీగ్ పెట్టిన శాలరీ క్యాప్ సుమారు 154.6 మిలియన్లు. అంటే మూడో వంతుకు పైగా ఒక్కడికే. ఆరోగ్యంగా ఉంటే లీగ్‌లో అత్యుత్తమ డిఫెండర్లలో ఒకడు. కానీ ఆ 'ఉంటే' దగ్గరే డల్లాస్ ఆగిపోయింది.

ఇప్పుడు ఏం చేయొచ్చు?

హారిసన్ స్థానంలో మాజీ ఆటగాడు మైఖేల్ ఫిన్లీ, మాట్ రికార్డీ తాత్కాలికంగా బాధ్యతలు తీసుకున్నారు. అప్పుడు వాళ్ల ముందు రెండు దారులుండేవి.

మొదటిది, కైరీ తిరిగొచ్చేదాకా ఆగి, డేవిస్, ఫ్లాగ్‌లతో ప్లేఆఫ్స్‌కు ప్రయత్నించడం. అన్నీ కలిసొస్తే ఓ రౌండ్ గెలవొచ్చు. కానీ సీజన్ ముగిసేసరికి ఉన్న ఒక్క 2026 పిక్ కాస్తా మధ్యస్థంగా మిగిలిపోతుంది.

రెండోది, సీనియర్లకు మంచి ధర ఉన్నప్పుడే పంపేసి, పోయిన పిక్స్‌ను కొన్నైనా వెనక్కి తెచ్చుకోవడం, ఆ సీజన్‌ను ఫ్లాగ్ నేర్చుకునే ఏడాదిగా చూడటం. ఓటములు తప్పవు. అయితే ఓడినా లాభం డల్లాస్‌కే దక్కే ఆఖరి సీజన్ దాదాపు 2025-26దే. ఆ తర్వాత ఆ లాభం పక్క జట్లకు పోతుంది. కావాలని ఓడటం మాత్రం కుదరదు. 2023 ఏప్రిల్‌లో పిక్ కాపాడుకోవడానికి ఆటగాళ్లను కూర్చోబెట్టినందుకు ఇదే డల్లాస్‌కు లీగ్ 7.5 లక్షల డాలర్ల ఫైన్ వేసింది.

అంకెలన్నీ రెండో దారివైపే చూపించాయి. అడ్డొచ్చింది సెంటిమెంట్. డేవిస్‌ను పంపేస్తే, లూకాను ఇచ్చి తెచ్చుకున్నది కూడా పోయిందని యాజమాన్యం బహిరంగంగా ఒప్పుకున్నట్టే. టీమ్ గవర్నర్ పాట్రిక్ డుమాంట్‌కు అది మింగుడుపడని విషయమే. కానీ హారిసన్‌ను తప్పించడంతో ఆ ఒప్పుకోలు సగం జరిగిపోయింది కూడా.

ట్రేడ్‌లకు గడువు 2026 ఫిబ్రవరి 5 వరకు ఉండేది. అప్పటిదాకా డల్లాస్ మ్యాచ్‌లు చూసేవాళ్లు స్కోరు కన్నా రెండు విషయాలు గమనిస్తే సరిపోయేది. డేవిస్ ఎన్ని మ్యాచ్‌లు ఆడుతున్నాడు, చివరి ఐదు నిమిషాల్లో బంతి ఎవరి చేతిలో ఉంటోంది. ఆ బంతి ఫ్లాగ్ చేతిలో ఉంటే, ఎన్ని మ్యాచ్‌లు ఓడినా పునర్నిర్మాణం మొదలైనట్టే లెక్క.