ఒలకనివ్వండి, గ్లాసు ఇవ్వండి

అన్నప్రాశన నాడు అమ్మమ్మగారింటి నుంచి వెండి గ్లాసు, వెండి గిన్నె, చెంచా వస్తాయి. బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ పల్లెల్లోనైనా స్తోమత ఉన్న ఇళ్లలో ఇది తప్పని ముచ్చట. పళ్లెంలో సర్ది ఫొటో తీస్తారు. సాయంత్రానికల్లా అవి బీరువాలోకి వెళ్లిపోతాయి. మర్నాటి నుంచి బిడ్డ నోటికి అందేది ప్లాస్టిక్ సిప్పర్. రెండేళ్లు నిండినా అదే. ఎందుకని అడిగితే చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒకే మాట చెప్తారు: “ముందు సరిగ్గా తాగడం రానివ్వండి, తర్వాత గ్లాసు ఇద్దాం.”

ఈ మాట తప్పు. చెరువులో దిగకుండా ఈత రానట్టే గ్లాసు పట్టుకోకుండా గ్లాసుతో తాగడం రాదు. కింది పెదవి అంచుకి ఆనించడం, ఎంత వంచితే ఎంత వస్తుందో చూసుకోవడం, గుక్క మింగేదాకా ఊపిరి బిగబట్టడం, చాలనుకున్నప్పుడు దించడం – ఇవన్నీ చెయ్యీ నోరూ కలిసి నేర్చుకోవాల్సిన పనులు. వాల్వు ఉన్న సిప్పర్ పీలిస్తే తప్ప చుక్క రానివ్వదు, బోర్లించినా కారదు. కాబట్టి దానితో రెండేళ్లు తాగిన పిల్లాడు పీల్చడంలోనే ఆరితేరతాడు. అసలు ఆ వస్తువు పుట్టిందే ఒలకకుండా ఉండడానికి. 1980లలో అమెరికాలో రిచర్డ్ బెలాంజర్ అనే ఇంజనీరు, తన కొడుకు ఇల్లంతా జ్యూసు ఒలకబోస్తుంటే తుడవలేక ఈ వాల్వు మూత తయారుచేశాడు. అది ఇంట్లో నేలని కాపాడడానికి పుట్టింది. పిల్లలకి తాగడం నేర్పుతుందని మనమే నమ్మేశాం.

గ్లాసు మొదలుపెట్టే వయసు రెండేళ్లు కాదు. ఆరు నెలలు నిండి, బిడ్డ ఆసరాతో నిటారుగా కూర్చుని పైఆహారం తింటున్న రోజు నుంచే గుక్కెడు నీళ్లు గ్లాసుతో పట్టొచ్చు. తల్లిపాలు పితికి పట్టాల్సి వస్తే, పసిగుడ్డుకైనా సీసా వద్దు, చిన్న గ్లాసో గిన్నో వాడండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. మన దేశంలో 1992 చట్టం ప్రకారం పాలసీసాలకి ప్రకటనలు ఇవ్వడమే నేరం. కానీ సీసా పీక తీసేసి దాని చోట గట్టి మూతి పెట్టి, రంగులద్ది, ‘ట్రైనింగ్ కప్పు’ అని పేరు పెట్టేసరికి అదే అలవాటు దర్జాగా ఇంట్లోకి వచ్చేసింది.

దివిసీమలో సిప్పర్ కోసం చెప్పే కారణాల్లో ఒకటి మాత్రం వినదగ్గది: నీళ్లు. కోడూరు, నాగాయలంక వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లు. కాలువ చివరి ఊళ్లవి. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువులో నింపుకున్న నీళ్లో, డబ్బిచ్చి తెచ్చుకున్న టిన్నో దిక్కు. అలాంటి చోట పిల్లాడు ఒలకబోస్తుంటే ఏ తల్లికైనా ప్రాణం ఉసూరుమంటుంది. అయితే లెక్క పూర్తిగా వేసి చూడండి. నేర్చుకునే పిల్లాడి గ్లాసులో పోయాల్సింది రెండు చెంచాల నీళ్లు. ఒలికినా పోయేది అంతే. సిప్పర్‌కి మూత, మూతి, వాల్వు, రబ్బరు చుట్టు, కొన్నిటికి స్ట్రా. అన్నీ విడదీసి, సందుల్లో బ్రష్ పెట్టి తోమి, మరిగించాలి. ఒక్క పూటకి దాని శుభ్రానికి పట్టే నీళ్లతో చిన్న స్టీలు గ్లాసు ఎన్నిసార్లు కడగొచ్చో! పైగా స్టీలు గ్లాసు లోపల మురికి దాగే మూల ఉండదు. తోమి, వేడినీళ్లు పోసి, ఎండలో బోర్లిస్తే సరి. పాలు తాగిన సిప్పర్ వాల్వు ఒకసారి విప్పి వాసన చూడండి, నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు. నీళ్ల విరేచనాల భయం ఉన్న ప్రాంతంలో ఆ సందుల్లో మిగిలే పాలజిడ్డు చిన్న విషయం కాదు.

“గ్లాసు మీద పడితే దెబ్బ తగులుతుంది” అనేది రెండో భయం. నోట్లో గట్టి మూతి పెట్టుకుని తిరిగే పిల్లాడు బోర్లా పడితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించరు. సీసాలు, నోట్లో ఉంచే ఉత్తి పీకలు, సిప్పర్ల వల్ల 1991 నుంచి 2010 దాకా అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలు సుమారు 45,000 మంది ఆసుపత్రుల అత్యవసర విభాగాలకి వచ్చారని 2012లో అక్కడి పిల్లల వైద్య పత్రిక ‘పీడియాట్రిక్స్’ అంచనా ప్రచురించింది. ఆ గాయాల్లో సీసాల వాటానే ఎక్కువ, సిప్పర్లది ఏడో వంతు. ఎక్కువమంది అవి వాడుతూ కిందపడ్డవాళ్లే, దెబ్బలు ఎక్కువగా నోటికే. మూత లేని గ్లాసు పట్టుకుని పిల్లాడు పరిగెత్తలేడు, కూర్చునే తాగుతాడు. ఒలుకుతుందన్న భయమే వాణ్ణి కూర్చోబెడుతుంది.

రోజంతా చేతిలో ఉండడమే సిప్పర్ తెచ్చే పెద్ద చేటు. బూస్టు కలిపిన పాలో, తీపి జ్యూసో గంటకోసారి చప్పరిస్తుంటే ముందుపళ్లు నల్లబడి పుచ్చుతాయి. కడుపు పాలతో నిండిన పిల్లాడు అన్నం, పప్పు, గుడ్డు వద్దంటాడు. పాలలో ఇనుము బహు స్వల్పం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి అరవై మందికి పైగా రక్తహీనత కనిపించింది. దానికి కారణాలు అనేకం, సిప్పర్ ఒక్కటే అనను. కానీ అన్నం తినని పిల్లాణ్ణి తీసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తే ముందు వాడు రోజుకి ఎన్ని పాలు చప్పరిస్తున్నాడో కొలిచి చూడండి.

పాత పద్ధతులన్నీ మేలని కూడా నేను అనడం లేదు. కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులో పోయడం బిడ్డ తాగడం కాదు, మనం పోయడం. పొలమారే ప్రమాదం ఉంది. “కరుచుకు తాగకు, ఎత్తి పోసుకో” అని ఏడాది పిల్లాణ్ణి కసరడమూ అంతే. ఎత్తి పోసుకోవడం వాడికి చేతకాదు, చేయించకూడదు. వాడి గ్లాసు వాడికి విడిగా ఉంచితే ఎంగిలి గొడవ లేదు.

నేర్పడానికి కావాల్సింది వాడి రెండు గుప్పిళ్లలో ఇమిడే చిన్న స్టీలు గ్లాసు, అంచు గీరుకోనిది. వాణ్ణి చాప మీద కూర్చోబెట్టి మీరు ఎదురుగా కూర్చోండి. ముందు మీరు తాగి చూపించండి. మొదట్లో పలుచని రాగి జావ నీళ్లకంటే మేలు, నెమ్మదిగా జారుతుంది, నోటికి సమయం దొరుకుతుంది. వాడి చేతుల మీద మీ చేతులు వేసి పెదవి దాకా తెచ్చి ఆగండి. పోయకండి, వాడే వంచుకుంటాడు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది సొంతంగా తాగేస్తారు, కొంత ఒలుకుతుంది. గ్లాసు కొరికే అలవాటు పోయాక, పక్కన మీరు కూర్చుని, అడుగు మందంగా ఉన్న చిన్న గాజు గ్లాసు ఇవ్వండి. 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయిన మరియా మాంటిస్సోరి పిల్లలకి పగిలే వస్తువులే ఇవ్వాలనేది. జారితే ఏమవుతుందో తెలిసిన చెయ్యి జాగ్రత్త నేర్చుకుంటుందని ఆమె వాదన. ఇవాళ ఆమె పేరు బోర్డు మీద రాసుకున్న బడులకి కూడా పిల్లలు మెడలో స్ట్రా సీసాలు తగిలించుకుని వెళ్తున్నారు.

ఇంత చెప్పినా సిప్పర్ గెలుస్తున్న ఇళ్లున్నాయి. అక్కడ ఒలికిన నీళ్లు తుడిచే పని తల్లి ఒక్కదాని మీదే ఉంటుంది. వంట, అంట్లు, ఉద్యోగం మధ్య ఆమె సిప్పర్ అందుకుంటే తప్పు ఆమెది కాదు. టైల్స్ మీద మరకపడితే కోడల్ని చూసే చూపు మారాలి. రెండేళ్లవాడి చేతికి ఒక గుడ్డ ఇస్తే ఇష్టంగా తుడుస్తాడు. మిగిలింది ఆ పూట ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు, నాన్నయినా తాతయ్యయినా, లేచి తుడవాలి.