బదిలీ అవుతున్నది నైపుణ్యమా, ఇంటిపేరా?

మొన్న మా యూనివర్సిటీలో ప్లేస్‌మెంట్ వర్క్‌షాప్ జరిగింది. పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను, ఉద్యోగం కావాలి కాబట్టి నేనూ వెళ్లాను. ట్రైనర్ తెర మీద ఒక జాబితా చూపించాడు: కమ్యూనికేషన్, టీమ్‌వర్క్, నాయకత్వం, సమస్యా పరిష్కారం. వీటి పేరు 'ట్రాన్స్‌ఫరబుల్ స్కిల్స్'. ఒకచోట నేర్చుకుని ఎక్కడైనా వాడుకోగలిగే నైపుణ్యాలన్నమాట.

నేను హాస్టల్ మెస్ కమిటీలో రెండు వందల మంది తిండి లెక్కలు చూశాను. సరుకుల కాంట్రాక్టరుతో బేరమాడాను. ఫెలోషిప్ ఆగినప్పుడు అధికారులతో చర్చలు జరిపాను. ఏటా ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి సభ నడిపాను. ఇవన్నీ రెజ్యూమెలో రాశానంటే ట్రైనర్ నవ్వాడు. "తీసేయండి, పొలిటికల్‌గా కనిపిస్తారు" అన్నాడు. పక్క కుర్రాడు బాబాయి కంపెనీలో చేసిన రెండు నెలల ఇంటర్న్‌షిప్ మాత్రం 'లీడర్‌షిప్' అయింది.

ట్రైనర్‌ను తప్పుపట్టి లాభం లేదు. అతను మార్కెట్ నియమాన్నే చెప్పాడు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఒకే అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. అభ్యర్థి నోరు తెరవకముందే అతని కమ్యూనికేషన్‌కు మార్కులు పడిపోయాయి!

అదే ఏడాది ప్రచురించిన మరో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ హెచ్‌ఆర్ మేనేజర్లను ఇంటర్వ్యూ చేశారు. మాకు మెరిటే ముఖ్యమన్న వాళ్లే, అభ్యర్థి 'కుటుంబ నేపథ్యం' కూడా చూస్తామన్నారు. తండ్రి ఏం చేస్తాడన్నది ఏ నైపుణ్యానికి కొలమానం? 'టీమ్‌లో ఇమడటం' లాంటివాటికి కొలత ఉండదు. ఆ ఖాళీని ఇంటర్వ్యూ చేసేవాడి కులం నింపుతుంది.

కులం పనినే కాదు, పనిచేసే మనుషులనూ అంతస్తులుగా విడదీస్తుందని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. మా తాతలకు తోళ్లు పదును చేయడం తెలుసు. ఏ ఆకు, ఏ బెరడు, ఎన్ని రోజులన్నది వాళ్లకు కంఠతా వచ్చు. అది రసాయనశాస్త్రమే. కానీ ఆ విద్యతో మరో వృత్తిలోకి వెళ్లే దారిని కులం మూసేసింది. ఇప్పుడు అదే సమాజం మాకు 'బదిలీ నైపుణ్యాలు' లేవంటోంది.

నైపుణ్యాలు అక్కర్లేదని నేననడం లేదు. ఇంగ్లిష్ నేర్చుకుందాం, కంప్యూటర్ నేర్చుకుందాం. అయితే కొలిచే తూకం సరిగా ఉండాలి కదా! అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు వేయాలి. మార్కులు, కారణాలు రాతలో ఉండాలి. కుటుంబ నేపథ్యం అడగడాన్ని నిషేధించాలి. ఉద్యోగుల సామాజిక లెక్కలను కంపెనీలు బయటపెట్టాలి. 2006లో పరిశ్రమల సంఘాలు రిజర్వేషన్‌కు బదులు స్వచ్ఛంద చర్యలు చాలన్నాయి. దయతో తలుపులు తెరుచుకోవు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్‌కు చట్టం కావాలి.

నా రెజ్యూమెలో ఏప్రిల్ 14 అలాగే ఉంది. తీసేయను.