కొత్త ల్యాప్‌టాప్‌లో ముందు చూడవలసింది లైసెన్సు

సూరత్: జరీకి, కృత్రిమ నూలు వస్త్రాలకు, వజ్రాల సానకు పేరెన్నికగన్న సూరత్ నగరంలో కొన్నేళ్లుగా మరో వృత్తి నిశ్శబ్దంగా వేళ్లూనుకుంటున్నది. అది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే వృత్తి. 2017 జులైలో వస్తు, సేవల పన్ను అమలులోకి వచ్చిన రోజుల్లో ఇక్కడి బట్టల వ్యాపారులు దుకాణాలు మూసి ఆందోళనకు దిగిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ పన్నుతోపాటే కంప్యూటర్ లెక్కలూ వారికి తప్పనిసరి అయ్యాయి. 500 కోట్ల రూపాయల టర్నోవర్ దాటిన సంస్థలతో 2020 అక్టోబర్‌లో మొదలైన ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్ నిబంధన 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటిన వ్యాపారి వరకు వచ్చింది. పద్దుల ప్రోగ్రాము మొదలుకొని, ముడి వజ్రాన్ని ఏ కోణంలో కోస్తే ఎక్కువ విలువ దక్కుతుందో లెక్కగట్టే ప్రోగ్రాము వరకు ఇక్కడి వ్యాపారానికి అన్నీ అవసరమే.

ఈ వృత్తికి తెలుగువారు పరాయివారు కారు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరలివచ్చి లింబాయత్ పరిసరాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో పెద్దసంఖ్యలో ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు సైతం నెలకొల్పింది. 1961 నాటి ఇంజనీరింగ్ కళాశాల నేడు సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా ఎదిగింది. 2017లో ఐఐఐటీ కూడా వచ్చింది. నేతగాడి కుమారుడి చూపు మగ్గం మీది నుంచి కంప్యూటర్ మీదికి మళ్లడంలో వింత లేదు.

అలాంటి యువకుడి చేతికి ఉద్యోగంలో మొదటి రోజు కొత్త ల్యాప్‌టాప్ వస్తుంది. అందులో ఏయే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలన్నది అతని ముందున్న తొలి ప్రశ్న. దీనికి సలహాలకు కొదవ లేదు. ఏది వేగంగా పనిచేస్తుంది, ఏది కంటికి ఇంపుగా ఉంటుంది, స్నేహితులు ఏది వాడుతున్నారు అన్న చర్చలోనే సాధారణంగా పొద్దు గడిచిపోతుంది. అసలు ప్రశ్న మరుగున పడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఏ షరతు మీద వాడుతున్నాం? రేపు అది చేజారితే పని సాగుతుందా? మగ్గం ఎవరిదో, కూలి ఎంతో తేల్చుకోకుండా పడుగు ఎక్కించే నేతగాడు ఉండడు. ప్రోగ్రామర్‌కు మాత్రం ఆ జాగ్రత్త అక్కరలేదా?

చట్టం చెప్పేది

చిన్న సంస్థల్లో దొంగ కాపీల వాడకం బహిరంగ రహస్యమే. యజమాని లైసెన్సుకు డబ్బు ఇవ్వడు. పని మాత్రం సాయంత్రానికి కావాలంటాడు. కుర్రవాడు ఎక్కడి నుంచో తాళం విరిచిన కాపీ తెచ్చి వేసుకుంటాడు. ఆ క్షణం నుంచి నేరం యజమానిది మాత్రమే కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ద్వారా చేరిన 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌పై వాడిన వ్యక్తికి 7 రోజులకు తగ్గకుండా 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం గాని, వ్యాపారంలో గాని వాడనప్పుడే జైలు శిక్ష లేకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు ఉన్నది. ఉద్యోగంలో వాడేది వ్యాపారం కోసమే కనుక ఆ వెసులుబాటుపై ఆశ పెట్టుకోలేము. పైగా తాళం విరిచిన కాపీతోపాటు ఏ వైరస్ లోపలికి వచ్చిందో తెచ్చుకున్నవాడికీ తెలియదు.

ఉచితంగా లభించేదంతా షరతులు లేనిదన్న భ్రమ కూడా తగదు. ప్రోగ్రామర్లు విరివిగా వాడే డాకర్ డెస్క్‌టాప్ 2021 ఆగస్టులో నిబంధనలు మార్చుకున్నది. ఉద్యోగులు 250 మందికి లోపు, వార్షికాదాయం కోటి డాలర్లకు లోపు ఉన్న సంస్థలకే అది ఉచితం. విజువల్ స్టూడియో కమ్యూనిటీ సైతం చిన్న సంస్థల్లో 5 మంది వరకే ఉచితం. ఏడాది ఆదాయం 10 లక్షల డాలర్లు దాటిన సంస్థ సాధారణ పనులకు దానిని వాడరాదు. సూరత్ టోకు వ్యాపారి ఒకరు తన గుమాస్తాల గది పక్కనే నలుగురు ప్రోగ్రామర్లను పెట్టుకున్నారనుకుందాం. ప్రోగ్రామర్లు నలుగురే అయినా, ఆయన బట్టల వ్యాపారం ఆదాయం ఆ హద్దు దాటితే ఉచితం అన్న మాట చెల్లదు. ఈ లెక్క కుర్రవాడికి తెలియదు, యజమానికి పట్టదు.

చెల్లించినా చేజారవచ్చు

డబ్బు చెల్లించి లైసెన్సు తీసుకున్నంత మాత్రాన నిశ్చింత అనుకోవడానికీ వీల్లేదని ఇదే గుజరాత్ రాష్ట్రంలో తేటతెల్లమైంది. వాడినార్‌లో చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీలో రష్యా సంస్థ రాస్‌నెఫ్ట్‌కు వాటా ఉన్నది. 2025 జులై 18న ఐరోపా సమాఖ్య ఆ కంపెనీపై ఆంక్షలు విధించింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోయాయి. పూర్తిగా డబ్బు చెల్లించిన లైసెన్సులకే ఈ గతి పట్టిందంటూ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. నెలాఖరుకు సేవలు తిరిగి వచ్చాయి. అంతటి సంస్థకు న్యాయవాదులు ఉన్నారు. పదిమంది పనిచేసే సూరత్ దుకాణానికి ఎవరున్నారు?

ఇటువంటి దెబ్బ నుంచే ప్రోగ్రామర్లకు నేడు అత్యవసరమైన పరికరం పుట్టిందన్నది గమనార్హం. లైనక్స్ రూపకర్తలు తమ ప్రోగ్రాము మార్పులను భద్రపరచడానికి 2002 నుంచి బిట్‌కీపర్ అనే ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడేవారు. 2005లో దాని యజమాని ఆ ఉచిత వసతిని ఉపసంహరించుకున్నారు. లైనస్ టోర్వాల్డ్స్ వెంటనే గిట్ రాయడం మొదలుపెట్టారు. అదే నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. పరుల దయపై నడిచే పని ఏనాటికైనా ఆగుతుందన్న పాఠం ఆనాడే చెప్పకనే చెప్పినట్లయింది.

మరి ఏవి అవసరం?

ఈ దృష్టితో చూస్తే కొత్త ల్యాప్‌టాప్‌కు అవసరమైన జాబితా పెద్దదేమీ కాదు. చేసిన పనిని మార్పులతో సహా భద్రపరచడానికి గిట్, ప్రోగ్రాము రాయడానికి విమ్ వంటి స్వేచ్ఛా ఎడిటర్, జావా అవసరమైతే ఓపెన్ జేడీకే, సమాచార నిల్వకు పోస్ట్‌గ్రెస్, ఉత్తరాలకు, పట్టికలకు లిబ్రే ఆఫీస్ చాలు. వీటి లైసెన్సులు సంస్థ పరిమాణాన్ని, ఆదాయాన్ని అడగవు. పాస్‌వర్డులను దాచే కీపాస్ వంటి ప్రోగ్రాము, యంత్రం పోయినా సమాచారం పరుల పాలు కాకుండా డిస్కుకు తాళం, పని నకలును రోజూ వేరొక డిస్కులో దాచే ఏర్పాటు తప్పనిసరి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రత పాటించక సమాచారం పోగొట్టిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ఖాతాదారుల జాబితాను తాళం లేని ల్యాప్‌టాప్‌లో మోసుకు తిరగడం ఇక చిన్న విషయం కాదు. ప్రోగ్రాము రాయడంలో సాయపడే కృత్రిమ మేధ సేవలకు సంస్థ రహస్యాలను అప్పగించే ముందు కూడా యజమాని అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సర్వరోగ నివారిణి అనడం కూడా సరికాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో దొంగదారి బయటపడింది. దాదాపు రెండేళ్లు నమ్మకంగా పనిచేసినట్లు నటించిన ఒక అజ్ఞాత వ్యక్తి దానిని చొప్పించాడు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయడంతో గుట్టు రట్టయింది. మూలం అందరి కళ్లెదుట ఉండబట్టే అది దొరికింది. అయినా చూసే కన్ను లేకపోతే ఆ వెసులుబాటు వృథా. ఇక వ్యాపారి పద్దుల ప్రోగ్రాము విండోస్ మీదే నడిచేదైతే విండోస్ కొనక తప్పదు. కొనవలసినదానిని కొనాల్సిందే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినందున పాత యంత్రాన్ని కొత్తదని అంటగట్టడం మాత్రం ఉద్యోగికి, ఖాతాదారుకు కూడా ద్రోహమే.

ఈ భారమంతా ఇరవై రెండేళ్ల కుర్రవాడిపై వేయడం న్యాయం కాదు. సంస్థ నేరం చేసినప్పుడు దాని నిర్వహణ బాధ్యులనూ కాపీరైట్ చట్టం వదలదని యజమానులు గ్రహించాలి. ల్యాప్‌టాప్‌తోపాటు అనుమతించిన సాఫ్ట్‌వేర్ జాబితాను, లైసెన్సు రసీదులను చేతికివ్వడం వారి విధి. జాబితా ఇవ్వకపోతే అడగడం ఉద్యోగి హక్కు. ప్రోగ్రాము రాయడం నేర్పే కళాశాలలు లైసెన్సు చదవడం కూడా ఒక పాఠంగా నేర్పాలి. దొంగ కాపీతో పని నేర్చుకున్న విద్యార్థికి ఉద్యోగంలో అది తప్పుగా తోచదు. యజమాని ఆదా చేసిన నాలుగు రూపాయలకు రేపు కోర్టు మెట్లు ఎక్కవలసింది కీబోర్డు ముందు కూర్చున్నవాడే కావచ్చు. ఆ ముప్పు తెలిసీ మౌనం వహించడం ఎవరికీ శ్రేయస్కరం కాదు.